నాన్నగారి కారు, అమ్మాయిగారి యాక్సిడెంటు

పాఠకులారా, సొంత కారు కొనుక్కోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు! నడిపితే నాన్నగారి కారే నడపాలి. నమ్మకం లేకపోతే ఈ ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయిని చూడండి.

ఎంత సుఖం ఆమెది! వాయిదాలు కట్టేది ఆమె, పెట్రోలు పోయించేది ఆమె, ఆదివారం బకెట్టు పట్టుకుని కడిగేదీ ఆమే. ఓనర్‌షిప్ అనే బరువు మాత్రం పాపం తండ్రిగారే మోస్తారు. ఆయన రిటైర్డ్ స్టోర్స్ మేనేజరు. స్టీరింగు ముందు కూర్చుని ఏళ్లయింది. అయినా ఇన్సూరెన్సు పాలసీలో డ్రైవరుగా తన ఒక్కడి పేరే రాయించారు. చిన్న వయసువాళ్లని చేరిస్తే ప్రీమియం పెరుగుతుందట! "నా పేరు కూడా రాయించండి నాన్నా" అని అమ్మాయి నెత్తీనోరూ కొట్టుకుంది. "ఇంటి బండికి ఇంటి మనిషి పేరెందుకే?" అని కొట్టిపారేశారు.

పైగా కోచింగ్ ఫ్రీ! ఆయన పక్క సీట్లో కూర్చుంటే చాలు. "హారన్ కొట్టు. ఆ లారీని చూడు. లారీని కాదే, రోడ్డుని చూడు!"

మొన్న మార్కెట్ మలుపులో కుక్క అడ్డొచ్చింది. అమ్మాయి బ్రేకు వేసింది. బండి ఆగేదే. కానీ అంత అనుభవం చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? తండ్రిగారు చెయ్యి చాచి స్టీరింగు ఒక్క లాగు లాగారు! కుక్క క్షేమం. కారు వెళ్లి టైలరు దుకాణం మెట్టెక్కింది. అక్కడ కూర్చుని కాజాలు కుట్టుకుంటున్న టైలరుకి కుడిచెయ్యి విరిగింది.

కత్తెర పట్టే చెయ్యండీ! ఆపరేషను చేస్తేగాని వేళ్లు ఆడవన్నారు డాక్టర్లు. ఆ ఖర్చు ఇన్సూరెన్సు వాళ్లు భరించాలి. అమ్మాయి తండ్రిగారిని వెంటబెట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది.

కంపెనీ సర్వేయరు ఆసుపత్రికే వచ్చాడు. "డ్రైవ్ చేసిందెవరు?"

"నేనే" అంది అమ్మాయి.

"పాలసీలో మీ పేరు లేదే! సార్, బండి మీరే ఇచ్చారా? ఇచ్చుంటే ఈయన ఆపరేషనుకి మేం కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకుంటాం. ఇవ్వకపోతే మాకు సంబంధం లేదు."

వసూలు అనే మాట వినగానే తండ్రిగారికి ఎక్కడలేని చురుకు పుట్టింది. "నేనెక్కడిచ్చానండీ! చెప్పకుండా తీసుకెళ్లింది. ఈ కాలం పిల్లలు మన మాట వింటారా?"

చూశారా, క్షణంలో కన్నకూతురు కారు దొంగ అయిపోయింది! ఏ బ్యాంకు ఇస్తుందండీ తండ్రిగారి డబ్బుకి ఇంత భద్రత?

మంచం మీంచి టైలరు తలెత్తాడు. "అయ్యా, మీకు చెప్పకుండా తెస్తే, ఆ పక్క సీట్లోంచి దిగిన పెద్దాయన ఎవరండీ? మీ అన్నగారా?"

సర్వేయరుకి దగ్గొచ్చింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "రాసుకోండి సార్. నడిపింది నేను. తాళం ఇచ్చింది ఆయన. స్టీరింగు లాగిందీ ఆయనే. ముందు ఈయన చెయ్యి బాగు చేయించండి. తర్వాత నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి."

తండ్రిగారు ఊగిపోయారు. "నలుగురిలో ఇంటి పరువు తీస్తావా?"

విన్నారుగా! ఇంటి పరువు కూడా ఆయన పేరు మీదే ఉంది. నడపాల్సింది మాత్రం కూతురు!