అక్క గడప దాకా వచ్చిన రాక్షసి

ఆదివారం పొద్దున్నే చింతపండు గింజలు తీసి ఎండబెట్టాలని సుగుణమ్మ అనుకుంది. వాకిట్లో చాప పరిచి కూర్చుందో లేదో, మనవరాలు స్నిగ్ధ వచ్చి ఆమె చేతిలో ఫోన్ పెట్టింది. భువనగిరి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిల్ల. కాలేజీలో పోటీ ఉందట, సినిమా తీస్తానని కట్టంగూర్ బస్సెక్కి వచ్చింది.

"అవ్వా, సినిమా నువ్వే తియ్యాలె."

"నాకేమొస్తదే? నా చేతులు సూడు, ఎట్ల వణుకుతున్నయో."

"అందుకే నువ్వు గావాలె! ఊరి మీద రాక్షసి వడ్డదనుకో. ఒకామె ఉరుక్కుంట ఫోన్ల తీస్తది. ఆమె ఏమైందో ఎవ్వలకు ఎరుకలేదు, ఫోనొక్కటి దొరుకుతది. గా ఫోన్ల ఉన్నదే మన సినిమా. బొమ్మ కదలకుంట ఉంటె అబద్ధమని తెలిసిపోతది."

"అంటె నేను సచ్చిపోతనా?"

"సినిమాలనే అవ్వా."

"గట్లయితే సరే."

రాక్షసి వేషం గొర్లు కాసే ఎల్లేష్‌ది. ఆరడుగుల మనిషి, నాలుగు నల్ల గొంగళ్లు కలిపి కుట్టించుకొని కప్పుకున్నాడు. కళ్లకని రెండు చిల్లులు పెట్టారు గానీ, నాలుగడుగులు వేస్తే అవి చెవుల మీదికి జరిగేవి. వేపచెట్టు నుంచి బడి దాకా సుగుణమ్మ పరుగెత్తాలి, ఎల్లేష్ వెంటపడాలి. అంతే సినిమా.

అయితే ఆ దారిలో ఎడమ పక్కన ఒక సందు ఉంది. ఆ సందులో మూడో ఇల్లు సుగుణమ్మ అక్క బిక్షమ్మది. తన చిన్నబిడ్డ పెళ్లికి అక్క ఇంటికి తానే వెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, పనుల్లో పడి కార్డు వేరేవాళ్ల చేత పంపింది సుగుణమ్మ. "బొట్టు వెట్టని పెండ్లికి నేను రాను, నువ్వు నా గడప తొక్కకు" అంది అక్క. అన్నట్టే రాలేదు. తొమ్మిదేళ్లయింది. సుగుణమ్మ రోజూ మిద్దె ఎక్కి అక్క ఇంటి దండెం చూసేది. చీర ఆరేసి ఉంటే అక్క లేచింది, తిరుగుతోంది, బాగానే ఉంది. రెండు రోజులు దండెం ఖాళీగా కనిపించిందా, ఈమెకు ముద్ద దిగేది కాదు. వెళ్లి అడుగుదామంటే గడప అడ్డం.

"యాక్షన్!" అని అరిచింది స్నిగ్ధ.

"వచ్చింది, వచ్చింది!" అంటూ సుగుణమ్మ ఫోన్‌లోకే చూస్తూ పరుగు తీసింది. అదేమిటో, సందు మొదలు ఫోన్‌లో కనిపించగానే కాళ్లు ఎడమకు తిరిగాయి. సినిమాలో ఆడమనిషికి ఎవరితోనూ తగువు లేదు కదా మరి.

"అవ్వా, అటు గాదు!" అన్న కేక ఎవరికీ అందలేదు. ఏమీ కనిపించని ఎల్లేష్ సుగుణమ్మ గొంతు వినబడ్డ వైపే పరుగెత్తాడు. ఎల్లేష్ వెంట ఊరి కుక్కలు. చాయ్ తాగుతున్న లచ్చయ్య గ్లాసు పడేసి పంచాయతీ ఆఫీసుకు ఉరికి మైకు అందుకున్నాడు. "ఊర్లకు ఎలుగుబంటి వచ్చింది, ఎవ్వలు బయటికి రావద్దు!" రెండోసారి చెప్పేసరికి ఎలుగులు రెండయ్యాయి. మూడోసారికి ఒకటి ఈనింది కూడా. ఇక్బాల్ బీ గాజుల దుకాణం షటర్ దించేసి ఇంటికి పోయింది. లోపల ఇద్దరు గిరాకీలు ఉన్న సంగతి సాయంత్రం గుర్తొచ్చింది.

సుగుణమ్మ అక్క వాకిట్లోకి వచ్చి, ఎల్లేష్ ఎంత దూరంలో ఉన్నాడో అని వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ ముందుకు తిరిగేసరికి గుమ్మంలో రోకలి పట్టుకొని బిక్షమ్మ.

"లోపటికి రాయే!"

సుగుణమ్మ గడప ముందు ఆగిపోయింది. వెనక వచ్చేది ఎల్లేషేనని ఒక్క మాట చెప్పొచ్చు. చెబితే అక్క తలుపు వేసుకుంటుంది. చెప్పలేదు.

"తొక్కద్దన్నవు గదక్కా."

"ఎలుగు ముంగట పంచాయతి వెడ్తవా? రాయే అంటె!" బిక్షమ్మ రెక్క పట్టి లోపలికి గుంజి గొళ్లెం పెట్టింది.

తలుపు దబదబా మోగింది. "పెద్దమ్మా, నేను ఎల్లేష్‌ను! కుక్కలు గొంగడి పీకుతున్నయి!"

"ఎలుగు మాట్లాడుతాందేందే?" అంది బిక్షమ్మ.

"గిప్పటి ఎలుగులు గంతే అక్కా."

"గట్లనా. కూసో, చాయ్ వెడ్త."

సుగుణమ్మ ఇంకా తీస్తూనే ఉన్న ఫోన్‌ను గూట్లో నిలబెట్టి కూర్చుంది. అక్క రెండు చెంచాలు ఎక్కువే చక్కెర వేసింది. "మోకాళ్ల నొప్పి తగ్గలేదా?" అని అడిగింది.

"నీకెట్ల ఎరుకక్కా?"

"నెలనుంచి మిద్దె ఎక్కుడు తక్కువ జేసినవు గద."

సుగుణమ్మ చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది.

సాయంత్రం స్నిగ్ధ వీడియో పెట్టింది. వాకిట్లో అవ్వ వెనక్కి తిరిగినప్పుడు చేతిలో ఫోన్ మాత్రం గుమ్మం వైపే ఉండిపోయింది. అందులో బిక్షమ్మ ఉంది. ఊడిన చెప్పు కోసం రాక్షసి ఆగి, "నా చెప్పేదిరా" అంటూ నేల తడుముకోవడం చూసి, కొంగు నోట్లో కుక్కుకొని కదిలి కదిలి నవ్వుతోంది. తర్వాత మొహం తుడుచుకొని, మూలనున్న రోకలి అందుకొని, కళ్లు పెద్దవి చేసి "లోపటికి రాయే!" అని అరిచింది.

"గిది తీసేస్త అవ్వా. భయపడ్డట్టు లేదు, అబద్ధమని తెలిసిపోతది."

"గదొక్కటి ఉంచు బిడ్డా, మిగిలింది తీసెయ్" అని సుగుణమ్మ ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేయించుకుంది.

పోటీకి వెళ్లిన సినిమాలో రాక్షసి పదకొండు సెకన్లు కనిపిస్తుంది. మిగతా ఇరవై నిమిషాలూ ఇద్దరు ముసలమ్మలు చాయ్ తాగుతుంటే, తలుపవతల ఎవరో ఏడుస్తుంటారు.