ఓడినవాళ్లే పిలవాలి

ఆ గురువారం పొద్దున సోములమ్మ అనుకున్న పనులు మూడే. రాగిజావ కాచాలి. సిస్టరమ్మకు దారిలో తినడానికి అన్నం కట్టాలి. ఆఖరి ఆటలో ఎప్పటిలాగే ఓడిపోవాలి. పాడేరు బస్సు వచ్చేలోగా ఈ మూడూ అయిపోతే తరవాత ఏడవడానికి బోలెడంత తీరిక ఉంటుంది.

సిస్టరమ్మ అంటే సుజానా. అరకు లోయలోని మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. సోములమ్మ అదే ఆసుపత్రిలో వంటమనిషి. ఇప్పుడు ఆసుపత్రి మూతపడింది. క్వార్టర్సు ఖాళీ చేసి సుజానా చింతూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది.

వాళ్లిద్దరూ ఆడేది గోల్ఫ్. చాలా ఏళ్ల కిందట అక్కడ పనిచేసిన డాక్టరమ్మ, ఊరికి వెళ్లిపోతూ తన ఐరన్లు, అంటే ఇనప తల ఉన్న కర్రలు, వీళ్ల చేతుల్లో పెట్టింది. "మళ్లీ వస్తాను, అందాకా ఆడుతూ ఉండండి" అంది. ఆమె రాలేదు. వీళ్లు ఆడటం మానలేదు. ఆసుపత్రి వెనక మేకలు మేసి నున్నగా చేసిన వాలులో, పైన నిమ్మచెట్టు కింద ఒక పాలపొడి డబ్బాను నేలలోకి పాతారు. తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేసినవాళ్లు గెలిచినట్టు. నియమం మాత్రం ఒక్కటే. ఓడినవాళ్లే మళ్లీ ఆటకు పిలవాలి. పిలిస్తే గెలిచినవాళ్లు రాక తప్పదు. గెలిచినవాళ్లకు పిలిచే హక్కు లేదు.

సోములమ్మ ప్రతి గురువారం ఓడిపోయేది. ప్రతి గురువారం పిలిచేది. మళ్లీ వస్తామని వెళ్లినవాళ్లను ఆమె చాలామందినే చూసింది. వాళ్లెవరూ రాకపోవడానికి కారణం, వాళ్లమీద తనకు ఏ హక్కూ లేకపోవడమేనని ఆమె నమ్మకం. అందుకే ఇవాళ ఓడిపోవడం ఆమెకు అంత అవసరం.

జావ గిన్నె దించేసరికి సుజానా పొడుగాటి మూట పట్టుకొచ్చి గడప మీద పెట్టింది. విప్పితే కొత్త ఐరన్లు. పొట్టిగా, తళతళలాడుతూ ఉన్నాయి.

"ఇయ్యేటి సిస్టరమ్మా?"

"నీకే. నీ కొలతలు పంపితే మా మేనల్లుడు విశాఖపట్నంలో చేయించి పంపాడు."

"కొలతలా? నన్ను నిలబెట్టి మనికట్టు కాడినించి నేల దాకా కొలిసినావు, అందుకా? నాను పెట్టికనుకున్నాను!"

"ఏం పెట్టె?"

"సచ్చినోలని పెట్టే పెట్టి! టేపు ఆ వరహాలరావు కాడినించే తెచ్చినావు కదా. నీకేదో తెలిసిపోనాది, నాకు సెప్పట్లేదనుకున్నాను. ఆ దినం కాడినించి నాకు కూడు సయించనేదు."

ఊళ్లో శవపెట్టెలు చేసే వడ్రంగి వరహాలరావు ఒక్కడే. సుజానా నవ్వలేదు. "చెబితే వద్దంటావని చెప్పలేదు. పద, బస్సొచ్చేస్తుంది" అంది.

డాక్టరమ్మ తాటిచెట్టంత మనిషి. ఆమె కర్రలు పొడుగరి సుజానాకు సరిపోయాయి గానీ, సోములమ్మ సుజానా భుజం దాకా కూడా రాదు. ఆమె పట్టుకుంటే కర్ర తల ముందుకొస నేల విడిచి పైకి లేచేది, బంతి ఎడమకు పోయేది. అందుకని ఆమె కుడివైపు రాటకు వేలాడే చర్చి గంటకేసి చూసి కొట్టడం నేర్చుకుంది. బంతి వంకర తిరిగి నిమ్మచెట్టు దాపుకు చేరేది. ఇన్నేళ్లుగా ఆమెకు తెలిసిన ఆట అదే.

అలవాటు చొప్పున ఇవాళా గంటకేసి చూసి కొట్టింది. కొత్త కర్ర ఆమె చేతుల్లో ఒద్దికగా తిరిగింది. తల నేలకు సమంగా ఆనింది. బంతి ఎటూ వంగలేదు. చూసినచోటికే పోయింది.

ఖంగ్!

గంటకు తగిలిన బంతి వాలులో దొర్లుకుంటూ మళ్లీ ఆమె కాళ్ల దగ్గరికే వచ్చింది. సోములమ్మ మొదట హడలిపోయింది. తరవాత దేవుడికి దండం పెట్టుకుంది. ఓడిపోవడానికి ఇంతకన్నా సులువైన దారి ఏముంది? గంటకేసి కొడుతూ ఉంటే చాలు.

సుజానా వంతు వచ్చింది. ఎన్నడూ లేనిది ఆమె బంతి తుప్పల్లో పడింది. వెతికి తీసి మళ్లీ కొడితే ఇంకా లోపలి తుప్పల్లోకి పోయింది. ఆమె వెతికి వచ్చేదాకా ఆగి సోములమ్మ కొట్టేది. ఖంగ్. మళ్లీ చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఖంగ్.

ఆ ఊళ్లో గంట అలా ఆగి ఆగి మోగిందంటే అర్థం ఒక్కటే. ఎవరో పోయారు. ఎవరన్నది వరహాలరావుకు ముందే తెలుసు.

కాసేపట్లో మలుపు దగ్గర ఏడుపులు వినిపించాయి. ముందు వరహాలరావు, భుజం మీద పెట్టెకు కావలసిన చెక్క పలకలు. వెనక సంఘ పెద్ద నతానియేల్, చంకలో బైబిలు. ఆ వెనక బియ్యం చేటలతో ఆడవాళ్లు. "ఓలమ్మా సోములమ్మా! నీలాటి మనిసి మల్లీ పుడతదేటే!" అని గుండెలు బాదుకుంటూ వచ్చిన అప్పలనర్సమ్మ, ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డ సోములమ్మను చూసి టక్కున ఆగిపోయింది.

"ఒలే, నువ్వేటి ఈడ నిలబడ్డావు?" అంది కోపంగా.

"గంట ఎవరు కొట్టారు?" అన్నాడు నతానియేల్.

"నానే."

"నీ చావు గంట నువ్వే కొట్టుకున్నావా, సోములక్కా!"

"సిస్టరమ్మ కొలత తీసింది, ఎవులికీ సెప్పొద్దంది" అన్నాడు వరహాలరావు పలకలు దించకుండానే. "నానెవులికీ సెప్పనేదు, మా ఇంటిదానికి తప్ప."

ఇంతలో బస్సు రానే వచ్చింది. చావింటి ముందు హారన్ కొట్టకూడదని డ్రైవర్ ఇంజను ఆపేశాడు. ప్రయాణికులు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

సుజానాకు వాళ్లెవరూ పట్టలేదు. సోములమ్మనే చూస్తోంది. "అన్నిసార్లూ గంటకే తగిలించే మనిషికి అంత పెద్ద నిమ్మచెట్టు కనపడదా? కావాలనే కదూ?"

సోములమ్మ కర్ర దించింది. "ఓడినోలే కదా పిలవాల. నాను గెలిసీసినాననుకో, నిన్ను పిలిసీ హక్కు నాకేటుంటాది? మల్లొత్తానన్నోలెవులూ రానేదు సిస్టరమ్మా. పిలిత్తేనే వత్తారు."

సుజానా గడ్డిమీద చతికిలబడింది. "పిచ్చిదానా, నేను తుప్పల్లోకి ఎందుకు కొడుతున్నాననుకున్నావు? ఇన్నేళ్లూ గెలిచాను. పిలిచే వంతు నాకు ఒక్కసారీ రాలేదు. నువ్వు పిలవని గురువారం వస్తుందేమోనని భయపడుతూ కూర్చునేదాన్ని. చింతూరులో కూడా అలాగే కూర్చోమంటావా? ఒక్కసారి ఓడిపోతే, ఆడాల్సిందేనని నేనే రావచ్చు. ఆ కర్రలు అందుకే చేయించాను."

 డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. "ఎవులో ఒకలు బేగి ఓడండమ్మా. నాకు టైమైపోతంది."

సోములమ్మ చాలాసేపు గంటను చూసింది. గెలిస్తే పిలుపు తన చేతిలోంచి పోతుంది. వెళ్లిపోయే మనిషి చేతికి వెళ్తుంది. అలా వదిలిపెట్టడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. మెల్లగా పాదాలు తిప్పి, నిమ్మచెట్టుకేసి నిలబడింది. కావలసిన చోటికేసి తిన్నగా చూసి కొట్టడం ఆమెకు అదే మొదటిసారి.

బంతి లేచి, తిన్నగా పోయి, చెట్టు కింద పడి ఆగింది. దగ్గరికి వెళ్లి మెల్లగా తాకిస్తే డబ్బాలో టక్కుమంది. సుజానా బంతి ఇంకా తుప్పల్లోనే ఉంది.

"ఓడిపోనావు, సిస్టరమ్మా" అంది సోములమ్మ. 

సుజానా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. బస్సు కదిలింది. అప్పుడూ అనలేదు. సోములమ్మ కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అన్నం మూట ఇచ్చానో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. మలుపు దగ్గర కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది.

"సోములూ! వచ్చే నెల మొదటి గురువారం! కాదనడానికి వీల్లేదు!"

"అప్పుడే పిలిసీసింది" అంది సోములమ్మ, పక్కనున్న అప్పలనర్సమ్మతో, నమ్మలేనట్టు.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి గురువారం నతానియేల్ ముందుజాగ్రత్తగా చర్చి గంటకు గోనెసంచి కట్టిస్తున్నాడు. ఆ రోజు నిజంగా ఎవరైనా పోతే, కబురు మర్నాటిదాకా ఆగాలి.