అప్‌డేట్ కాని కంప్యూటర్ వైభవం

ఈ కాలంలో మనుషుల మధ్య రాకపోకలు తగ్గిపోయాయని బాధపడేవారికి శుభవార్త. కంప్యూటర్‌లో లైబ్రరీ వెర్షన్ దొరకకపోవడం అనే మహాభాగ్యం ఒకటుంది. అదే లేకపోతే సిరిసిల్ల సౌమ్య జగిత్యాలలో ఒక పెద్దాయన ఇంట చాయ్ తాగేదా?

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. పెళ్లివారు పక్కింటి గుండిగలు తెచ్చుకున్నట్టు, ప్రోగ్రాములన్నీ కంప్యూటర్‌లో ఉన్న ఉమ్మడి సామాను వాడుకుంటాయి. ఆ సామానే లైబ్రరీ. కొత్త వెర్షన్‌తో తయారైన ప్రోగ్రాం పాత సామాను ముట్టదు. దాని పౌరుషం దానిది!

సౌమ్య చీరల అంచులు గీసే ప్రోగ్రాం తయారు చేసింది. కోరుట్ల బట్టల వ్యాపారి సురేందర్ తన కౌంటర్ మీది కంప్యూటర్‌లోనే అంచు ఎంచుకుంటే, ఆ నేత పని సౌమ్య తండ్రి నర్సింగం మరమగ్గాలకు వస్తుంది. మగ్గాలు ఆగి చాలా రోజులైంది. ఆ చప్పుడు లేక నర్సింగానికి నిద్ర పట్టడం లేదు.

ప్రోగ్రాం సౌమ్య ల్యాప్‌టాప్‌లో పరుగులు తీసింది. కోరుట్లలో మాత్రం ‘ఈ వెర్షన్ దొరకలేదు’ అని మొండికేసింది.

“అప్‌డేట్ చెయ్యాల్నా అన్నా?” అని అడిగింది సౌమ్య.

“వద్దు చెల్లె. పోయినసారి అప్‌డేట్ చేస్తే బిల్లులు కొట్టేది బందైంది. దాన్ని ముట్టకు” అన్నాడు సురేందర్.

సౌమ్య గల్ఫ్ పోయేవారి కార్టన్లు చూస్తూ పెరిగిన పిల్ల. అక్కడ దొరుకుతుందో లేదోనని కారంపొడి నుంచి చెప్పుల దాకా కుక్కి తాడు బిగిస్తారు కదా! తనూ అలాగే ల్యాప్‌టాప్‌లోని లైబ్రరీలన్నీ ప్రోగ్రాంతో కలిపి మూటగట్టింది. గుప్పెడు ప్రోగ్రాం గుమ్మం పట్టనంత అయింది. అయినా తెరుచుకోలేదు. అన్నిటికీ అడుగున ఉండే ఒక్క లైబ్రరీ మాత్రం ఎక్కడి కంప్యూటర్‌ది అక్కడే వాడాలట. కార్టన్‌లో ఇంటి గచ్చు కూడా తవ్వి పెట్టినట్టయింది ఆమె పని.

చివరికి ఉపాయం దొరికింది. సురేందర్ దానికన్నా పాత కంప్యూటర్ మీద తయారు చేస్తే, దానిలోనూ కొత్తవాటిలోనూ తెరుచుకుంటుంది. అంత పాతది ఎక్కడుంది? జగిత్యాలలో, తండ్రికి తెలిసిన జగపతి రావు గారింట్లో. కొన్ననాటి నుంచి దానికి అప్‌డేట్ అన్న మాటే తెలియదు. ఆయన చాయ్ పోయించి, దాని మీది గుడ్డ తీసి ఇచ్చారు. సౌమ్య అక్కడే కూర్చుని, దాన్ని బతిమాలుతూ ప్రోగ్రాం మళ్లీ తయారు చేసింది.

కోరుట్లలో తెరుచుకుంది. సిరిసిల్లలో మగ్గాలు నడిచాయి. ఆ చప్పుడులో నర్సింగం హాయిగా నిద్రపోయాడు.

మరి ఇది వరం కాదా? కొత్త వెర్షన్లు చేసేవారు పాతవారిని వదిలేసి పోబట్టే కదా మూడు ఊళ్లు కలిశాయి!

కొన్నాళ్లకు సురేందర్ ఫోన్ చేశాడు. “అంచు మీది నెమలి తోక అటు దిక్కు తిప్పేటట్టు చెయ్యి చెల్లె. గిరాకోళ్లు గదే అడుగుతున్నరు. గదైతేనే ఇంకింత నేత పని ఇస్త.”

మార్పు చిన్నదే. సౌమ్య జగిత్యాల బస్సెక్కింది. జగపతి రావు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు, ముఖం వెలిగిపోతూ.

“గా పాత డబ్బాతోని ఎంత తిప్పలు పడ్డవో చూసిన బిడ్డా. పానం ఉసూరుమన్నది. గందుకే నిన్న అప్‌డేట్ చేయించిన. ఇప్పుడు అంత కొత్తదే.”

సౌమ్య చాయ్ తాగింది. అంతలో నర్సింగం ఫోన్: “బిడ్డా, మగ్గాలు ఆగినయ్. నెమలి ఎప్పుడొస్తది?”

మీ ఇంట్లో గుడ్డ కప్పిన పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే ఆ పిల్లకు చెప్పండి. దయచేసి దాన్ని బాగుచేయకండి.