రాతి ఏనుగుల మీద రెండు ఇంటిపేర్లు

"ఇయ్యాల ఏదో ఒకటి జరిగిద్ది, చూస్తా ఉండండి," అంది రామతులసి, పొయ్యి మీద పాలు ఇంకా పొంగకముందే.

అప్పటికైతే ఏమీ జరగలేదు. మాచర్లలో ఆ ఉదయం కరెంటు ఉంది, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి, గ్యాస్ బండ మొన్ననే మార్చారు. సరిగ్గా అందుకే రామతులసికి భయం వేసింది. అన్నీ ఇంత సవ్యంగా ఉన్నాయంటే కష్టం ఎక్కడో దారిలో ఉన్నట్టే.

"ఏం జరిగిద్ది?" అన్నాడు వెంకట్రామయ్య, ఎరువుల కొట్టుకి బయల్దేరుతూ, చెప్పు ఒకటి దొరికి రెండోది వెతుక్కుంటూ.

"అది తెలిస్తే ఇంత భయం దేనికి మావయ్యా?"

వెంకట్రామయ్య ఆమెకు తల్లి తోడబుట్టిన తమ్ముడు. పెళ్ళికి ముందు ఏమని పిలిచేదో పెళ్ళయ్యాకా అదే పిలుపు. వీధిలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

వీళ్ళకి అర్చన ఒక్కతే కూతురు. ఇంగ్లండు కంపెనీ ఉద్యోగం, ముందుగదిలో తలుపేసుకుని చేస్తుంది. వచ్చే నెల ఆమె పైఆఫీసరు హెలెన్ పెళ్ళి. ఆఫీసు వాళ్ళందరి తరఫునా కానుక పంపే పని అర్చన నెత్తిన పడింది. దుర్గిలో రాళ్ళు చెక్కే జక్కయ్యకు చెప్పి రాతి ఏనుగుల జత చేయించింది. కింద పలక మీద పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు చెక్కాలి. సాయంత్రానికి దాన్ని తెప్పించి కొరియర్‌లో వేయాలి. ఆ రోజుకి ఇంట్లో వేసుకున్న ప్లాను ఇంతే.

ప్లానులో లేని సంగతి ఒకటి రెండు నెలలుగా ఆ ఇంట్లో తిరుగుతోంది. నకరికల్లు కుర్రాడు పవన్‌ని చేసుకుంటానని అర్చన చెప్పింది. నరసరావుపేటలో కలిసి చదువుకున్నారు. కులం ఒకటే, గోత్రాలు వేరు, పిల్లవాడు బుద్ధిమంతుడు, వాళ్ళ నాన్న సుధాకర్‌కి పొలం ఉంది. అంతా కుదిరింది, ఇంటిపేరు దగ్గర చెడింది. వీళ్ళూ గురజాల వాళ్ళే, వాళ్ళూ గురజాల వాళ్ళే.

"ఒకే ఇంటిపేరైతే నీకు అన్న వరస అయిద్దే! అన్నని చేసుకుంటావంటే?" అని రామతులసి ఆ రోజు గుండె పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత అర్చన ఎప్పుడు "అయితే ఏమంటావమ్మా?" అని అడిగినా ఆమె అవునని గానీ కాదని గానీ అనదు. వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. తల్లి నోరు విప్పందే తాను తాళి కట్టించుకోనని అర్చన తేల్చి చెప్పింది. అలా ఆ పెళ్ళి గిన్నెల దగ్గర ఆగిపోయి ఉంది.

మధ్యాహ్నం కాకముందే రామతులసి ఫోన్ మోగింది. అర్చన ఫోన్ ఎత్తకపోతే జక్కయ్య ఫోటో ఈమెకి పంపాడు. ఏనుగులు ముచ్చటగా ఉన్నాయి. పలక మీద సుద్దతో పేర్లు గీసి, "ఇట్టా చెక్కమంటారా?" అని అడిగాడు. రామతులసి ఒక్కో ఇంగ్లీషు అక్షరమూ కూడబలుక్కుంది. హెలెన్ స్మిత్. మార్టిన్ స్మిత్.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. పెళ్ళి ఇంకా కాలేదు. కాకముందే పిల్లకి పిల్లాడి ఇంటిపేరు ఎట్లా వచ్చింది? అర్చన తొందరలో ఒకే పేరు రెండుసార్లు కొట్టి పంపిందన్నమాట. ఆ తప్పు అట్లాగే దొరల సీమకి పోతుంది, దొరసానికి కోపం వస్తుంది, పిల్ల ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేని పిల్లకి సంబంధాలు రావు. తలుపు కొడదామంటే లోపల మీటింగు. మీటింగులో ఉండగా తలుపు తీస్తే అమెరికా వాళ్ళు కూడా చూస్తారని అర్చన ఒకసారి భయపెట్టి ఉంది.

జక్కయ్యకి తానే ఫోన్ చేసింది.

"పిల్లదాని ఇంటిపేరు తప్పు పడింది జక్కయ్యా. అది మార్చు."

"మార్చి ఏం పెట్టమంటావమ్మా?"

"ఖాళీగా ఉంచు."

"పిల్లాడికి ఇంటిపేరుండి పిల్లకి లేకపోతే పలక బోసిగా ఉంటదమ్మా. అమ్మానాన్న లేని పిల్లేమో అనుకుంటారు. ఉలి చేతిలో పట్టుకునున్నా, చప్పున చెప్పు."

అమ్మానాన్న లేని పిల్ల అనేసరికి రామతులసికి కంగారెత్తింది. ఇంగ్లీషు వాళ్ళ ఇంటిపేర్లు ఆమెకి ఎన్ని తెలుసు? చిన్నప్పుడు బళ్ళో గోదావరి ఆనకట్ట పాఠం చెప్పారు. అందులో కాటన్ దొర ఉన్నాడు. ఇంకెవరూ తట్టలేదు.

"కాటన్ అని పెట్టు," అంది. "పరువైన ఇంటిపేరు."

"మంచిదమ్మా," అన్నాడు జక్కయ్య. ఫోన్ పెట్టేలోపే ఉలి చప్పుడు వినిపించింది.

అన్నానికి బయటికొచ్చిన అర్చనకి రామతులసి ఈ సంగతి గొప్పగా చెప్పింది. చూసుకోకుండా తప్పు పంపావని, తల్లి కంటపడబట్టి సరిపోయిందని. అర్చన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"అమ్మా, అది తప్పు కాదు. ఇద్దరూ స్మిత్‌లే."

"ఇద్దరూనా?"

"ఆమె పుట్టింటి పేరు స్మిత్. ఆయనదీ స్మిత్."

రామతులసికి ఇల్లంతా ఒక్క చుట్టు తిరిగింది. ఉద్యోగం పోతుందన్న భయం ఈ కొత్త భయం ముందు దిగదుడుపు. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి! దానికి కానుక ఈ ఇంటి నుంచి! ఆ పాపం ఊరికే పోతుందా? పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇల్లు! అర్చన జక్కయ్యకి ఫోన్ కలపడానికి గదిలోకి పరుగెత్తింది, రామతులసి కొట్టుకి ఫోన్ కలిపింది.

"మావయ్యా, ఘోరం! ఒకే ఇంటిపేరు పెట్టుకుని అన్నాచెల్లెళ్ళు పెళ్ళి చేసుకుంటన్నారు! నువ్వు ఎంటనే ఇంటికి రా!" అని ఏడ్చి పెట్టేసింది. ఎవరో చెప్పలేదు. ఎవరని చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

కొట్లో ఉన్న వెంకట్రామయ్యకి ఒకే ఇంటిపేరున్న జంట ఒక్కటే తెలుసు. ఆయన యూరియా కట్టల మీద కూలబడి, నకరికల్లుకి ఫోన్ చేశాడు.

"సుధాకర్ గారూ, మీవాడు ఎంత పని చేశాడండీ! మా పిల్లని తీసుకెళ్ళి పెళ్ళి చేసుకుంటాడా?"

"మావాడా? మావాడు ఇంట్లో పడుకునున్నాడు గదండీ!"

"పడుకునున్నోడు ఎట్టా చేసుకుంటాడు?"

"అదే నేనూ అడుగుతున్నా!"

సుధాకర్ పోయి చూశాడు. పవన్ నిజంగానే పడుకుని ఉన్నాడు. లేపి సంగతి చెప్పగానే, అర్చన ఇంకెవరినో చేసుకుంటోందని పవన్‌కి అర్థమైంది. లుంగీ మీదే కారెక్కాడు. లుంగీతో వియ్యంకుడి ఊరికి రావడం బాగుండదని సుధాకర్ ఒక ప్యాంటు చేత్తో పట్టుకుని వెనక ఎక్కాడు.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. వెంకట్రామయ్య వచ్చాడు. కూతురు కళ్ళెదుటే ఉండటం చూసి, సంతోషించాలో కేకలెయ్యాలో తెలియక మంచినీళ్ళు తాగాడు. కారు దిగిన పవన్ వాకిట్లోనే, "ఎవరతను?" అని అడిగాడు. "మార్టిన్," అంది రామతులసి. అతని మొహం ఇంకా పాలిపోయింది. ఎదురింటి మైమూనా కుట్టుమిషను ఆపి వచ్చి, అందరికీ టీ పెట్టి, ఎవరు ఎవరిని చేసుకుంటున్నారో మూడుసార్లు చెప్పించుకుని మిగతా వాళ్ళకి వివరించింది.

"అయినా అక్కా, మాలో బాబాయి కూతుర్నే చేసుకుంటారు గదా. దానికింత ఏడుపేంది?"

"మీ సంగతి వేరు మైమూనా. అన్న అన్నే గదా!"

ఆ మాట అనేసరికే జక్కయ్య బండి వాకిట్లో ఆగింది. అర్చన ఫోన్ వెళ్ళేసరికే చెక్కడం అయిపోయిందట. గోనెగుడ్డ విప్పాడు. ఏనుగుల కింద, చెరిపితే చెరగని అక్షరాలతో, హెలెన్ కాటన్ అని ఉంది.

అర్చన నేల మీద కూర్చుంది. "ఇంకో పావుగంటలో హెలెన్ నాకు వీడియో కాల్ చేస్తదమ్మా. ఈసారి టీమ్ లీడర్ ఎవరో చెప్పే కాల్. ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పొద్దు. నేను చెప్తా," అంది రామతులసి.

లాప్‌టాప్‌లో హెలెన్ కనిపించేసరికి ఆమె కళ్ళముందు ఒక్క అర్చన కాదు, సగం వీధి ఉంది. ముందు వరసలో రామతులసి. అప్పటిదాకా మనసులో వల్లె వేసుకున్న ఇంగ్లీషు ఒక్క ఊపున వదిలింది. "మేడం, ప్లీజ్ స్టాప్ మ్యారేజ్. హీ బ్రదర్!"

హెలెన్ టీ కప్పు కింద పెట్టేసింది. అర్చన మొహం చేతుల్లో దాచుకుని, వేళ్ళ సందుల్లోంచి అంతా విడమర్చి చెప్పింది. ఇక్కడ ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశం కింద లెక్క. అందుకే అమ్మ భయపడుతోంది.

హెలెన్ నవ్వింది. పక్కకి వంగి మళ్ళీ నవ్వింది. కోపం రాలేదని తెలిశాక అర్చన ఆమె మాటలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"స్మిత్ అంటే కమ్మరి అంటమ్మా. ఇనుము కొట్టేవాళ్ళు. పూర్వం ఊరూరా ఒక కొలిమి ఉండేది, ప్రతి కొలిమి దగ్గరా ఒక స్మిత్. ఒకళ్ళకొకళ్ళు ఏమీ కారు. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ మందికున్న ఇంటిపేరు ఇప్పటికీ అదేనంట, లక్షల్లో ఉన్నారంట. స్మిత్‌లు స్మిత్‌లని చేసుకోకూడదంటే చానా మంది పెళ్ళిళ్ళు ఆగిపోతయంట."

"కమ్మరోళ్ళా!" అన్నాడు జక్కయ్య ఆనందంగా. "మా ఉలి సాన పట్టేదీ కమ్మరే."

"ఇంకేమందంటే, వాళ్ళ ఆఫీసులోనే ముగ్గురు హెలెన్ స్మిత్‌లున్నారంట. ఈమెకి రావాల్సిన మెయిళ్ళు వాళ్ళకి పోతయి. పెళ్ళయితేనన్నా పేరు మారిద్దిలే అనుకుంటే, చివరికి మనసుకి నచ్చినోడూ స్మిత్తే అయ్యాడంట."

దాచి లాభం లేదని అర్చన ఏనుగుల్ని ఎత్తి చూపించింది. హెలెన్ పలక మీద తన పేరు చదువుకుంది. కాసేపు అట్లాగే చూసింది. పుట్టినప్పటి నుంచి తనకి దొరకని కొత్త ఇంటిపేరు ఎవరో రాతి మీద చెక్కి ఇస్తున్నారని, దాన్ని ముట్టుకోవద్దని, అట్లాగే పంపమని చెప్పింది. కాటన్ అంటే పత్తి కాదని, గుడిసెలున్న చోటి నుంచి వచ్చినవాళ్ళని పూర్వం అట్లా పిలిచేవాళ్ళని కూడా అంది.

"మనలాగేరా," అన్నాడు వెంకట్రామయ్య సుధాకర్ వైపు తిరిగి, గారు మర్చిపోయి. "గురజాల్లో ఉన్నన్నాళ్ళూ మా తాతని ఎవడూ గురజాలాయన అనలేదు. మాచర్ల వచ్చాకే అన్నారు."

"మావాళ్ళనీ నకరికల్లు వచ్చాకే," అన్నాడు సుధాకర్. "ఆ ఊరొదిలిన ప్రతివాడికీ తగిలించినట్టున్నారు."

రామతులసి ఆ మాట వినలేదన్నట్టు కొంగు సర్దుకుంది. ఇంతలో హెలెన్ మర్యాద కోసం ఒక ప్రశ్న వేసింది. మీ పెళ్ళి ఎట్లా కుదిరింది అని.

ఆ ప్రశ్నకి రామతులసి మొహం వెలిగింది. "ఈయన మా అమ్మ సొంత తమ్ముడే. నన్ను చంకనేసుకుని తిప్పేవాడు. తిరనాళ్ళలో పీచుమిఠాయి కొనిపెట్టేవాడు. చెప్పవే!"

అర్చన చిన్న గొంతుతో చెప్పింది.

హెలెన్ కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

"నెట్టు పోయినట్టుందే," అంది మైమూనా.

"లేదు పిన్నీ, ఉంది," అంది అర్చన.

హెలెన్ ఒక్కో మాటా ఆచితూచి అడిగింది. అర్చన తల ఎత్తకుండా తెలుగు చేసింది. "తనకి బస్సులో పరిచయమైన మార్టినేమో తనకి అన్నంట. మీ అమ్మ సొంత తమ్ముడేమో మీ ఆయనంట. తను సరిగ్గానే అర్థం చేసుకుందా అని అడుగుతుందమ్మా."

గదిలో అందరూ రామతులసి వైపు చూశారు. ఆమె వెంకట్రామయ్య వైపు చూసింది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూడని కోణంలో చూసినట్టు ఉంది ఆ చూపు. ఆయన గబుక్కున మైమూనా వైపు చూశాడు. మైమూనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీమ్ లీడర్ నువ్వేనని అర్చనకి చెప్పి, మీ అమ్మగారిని నా పెళ్ళికి తప్పకుండా రమ్మనమని కూడా చెప్పి, హెలెన్ సెలవు తీసుకుంది.

లాప్‌టాప్ మూసి అర్చన తల్లి ఎదురుగా నిలబడింది. రెండు నెలలుగా అడుగుతున్నదే మళ్ళీ అడిగింది.

"అయితే ఏమంటావమ్మా?"

రామతులసి లేచి వంటింట్లోకి పోయింది. అందరూ గిన్నెల చప్పుడు కోసం చెవులు రిక్కించారు. చప్పుడు రాలేదు. ఇందాక టీ పెట్టినప్పుడే మైమూనా ఊరుకోలేక గిన్నెలన్నీ తోమి, తుడిచి, పైఅరలో బోర్లించేసింది. చేతికందే ఎత్తులో గరిటె కూడా లేదు.

రామతులసి వట్టి చేతులతో వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. పవన్ లుంగీ అంచు సవరించుకుంటున్నాడు. సుధాకర్ చేతిలో ప్యాంటు ఇంకా అట్లాగే ఉంది. వీధి చివర బస్సు వచ్చి, ఆగి, పోయింది. వీధి లైట్లు వెలిగాయి. జక్కయ్య గోనెగుడ్డ మడత పెట్టుకుని ఇక పోవడానికి లేచాడు.

"జక్కయ్యా," అంది రామతులసి అప్పుడు. "ఏనుగులు ఇంకో జత చెయ్యి. అర్చన, పవన్ అని చెక్కు. ఒకటే ఇంటిపేరు గదా, రెండుసార్లు చెక్కాల్సిన పన్లేదు."