స్పృహ ధ్రువీకరణ

పుట్టగొడుగుల కూర తిన్నాక గౌరునాయుడి స్పృహ ఒంట్లోంచి బయటికెళ్లి ఏడు గంటల తర్వాత తిరిగొచ్చింది గనక, వచ్చింది అతనిదేనని భార్య నూకరత్నం మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి, లేదంటే ఒంటికి సీలు వేస్తారు. వానలు పడ్డాక ఆ ఊళ్లో ఇది మామూలే. ఇందుకోసమే మున్సిపాలిటీలో ఆరో నంబరు కిటికీ పెట్టారు. పెళ్లాం సంతకం లేనిదే మొగుడు మొగుడు కాడన్నమాట.

పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టు, ప్రతి మనిషి స్పృహకీ రెండు గుర్తులు అక్కడి రిజిస్టరులో ఉంటాయి. గౌరునాయుడివి: ఒకటి, కూరలో ఉప్పు తగ్గితే కంచం విసురుతాడు. రెండు, కూతురు ఏ తరగతో తెలీదు. తిరిగొచ్చినవాడేమో చప్పటి పప్పు రెండుసార్లు వడ్డించుకున్నాడు, కూతురి చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడు. పైగా ఒళ్లు విడిచి వెళ్లిన చోట సర్వం ఒక్కటేనని కళ్లారా చూశానన్నాడు. గుమస్తా అప్పలాచారి ఈ ముక్క రాసుకోలేదు. వెళ్లొచ్చినవాళ్లంతా అదే చెబుతారు. సర్వం ఒక్కటే అయితే తనకిన్ని దరఖాస్తులెందుకని అతని బాధ.

గుర్తుల దగ్గరే అతనికి అనుమానం వచ్చింది. ఎవరిదో స్పృహ తోవ తప్పి ఈ ఒంట్లో దూరిందని తేల్చేశాడు. పదకొండేళ్ల కాపురంలో నూకరత్నం భయం లేకుండా అన్నం తిన్నది ఈ మూడు రోజులే. ఆ గుర్తులు అప్పుడెవరో తప్పు రాశారని అఫిడవిట్ ఇచ్చింది. అప్పలాచారి ఆమెను ఎగాదిగా చూసి, పాతవి కొట్టేసి, కొత్తవి రాసి స్టాంపు వేశాడు.

అప్పుడే కిటికీ దగ్గర, మనిషెవరూ లేని చోట, ఒక గొంతు దగ్గింది. తానే గౌరునాయుడినని, దారి తెలీక ఆలస్యమైందని, తన ఒళ్లు తనకిప్పించమని అడిగింది. ఆ దగ్గు నూకరత్నం ఎరిగినదే.

"ఈయన నీకు తెల్సా అమ్మా?" అన్నాడు అప్పలాచారి.

పక్కనున్న మొగుడు ఆమె చేతిలోని బరువు సంచీ అందుకున్నాడు.

"నేదు బాబూ. ఈయనెవులో నానెరగను."

అప్పలాచారి గొంతుకు టోకెను నంబరు చదివి వినిపించి, వరండాలో ఉండమన్నాడు. అక్కడ అప్పటికే రెండొందల గొంతులు తమ ఒళ్లు తమకిమ్మని అరుస్తున్నాయి. మనిషి కనబడడం లేదని ఊళ్లో ఒక్క ఇంటి నుంచీ ఫిర్యాదు లేదు.