పచ్చ కుర్చీ మీద పరాయి వాసన

ఆ ఉదయం సోఫాలు కుట్టే ఆయన రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, లెక్కల మాస్టారి సోఫాకి కొత్త గుడ్డ వెయ్యడం. రెండోది, భార్య పెంచుకుంటున్న పిల్లిని ఇల్లు దాటించడం. మొదటిది సాయంత్రంలోగా అయితే చాలు. రెండోదానికి ముహూర్తం మాత్రం ఆవిడ స్నానం చేసి వచ్చేలోగానే.

ఆ పిల్లి పేరు అల్లుడు. పేరు పెట్టింది ఆయనే, కడుపుమంటతో. వానలో తడిసి గుమ్మం ముందు నిలబడ్డ గండుపిల్లిని ఆవిడ తువ్వాలుతో తుడిచి, పాలు పట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకున్న రోజున, "పిల్లనివ్వకుండానే వచ్చాడే అల్లుడు!" అని వెటకారం చేశాడు. ఆవిడకి ఆ పేరు తెగ నచ్చేసింది. అప్పటినుంచీ మర్యాదలూ పేరుకి తగ్గట్టే జరుగుతున్నాయి. చేప వండితే నడిమి ముక్క అల్లుడికి, తోక ఆయనకి. కిటికీ పక్కన ఎండ పడే చోటు అల్లుడిది, ఫ్యాను గాలి తగలని మూల ఆయనది. పొద్దున్నే ఆవిడ "లేచావా నా బంగారం" అని పలకరిస్తుంది. మొదట్లో ఆయన ఒకటి రెండుసార్లు "ఊఁ, లేచాను" అని పలికి అభాసుపాలయ్యాడు కూడా.

మనిషి మీద అసూయ పుడితే నలుగురితో చెప్పుకుని గుండె బరువు దించుకోవచ్చు. పిల్లిని చూసి కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? లోలోపలే ఉడికిపోయాడు.

అలాంటి సమయంలో దేవుడు ఆయన మొర ఆలకించాడు. అల్లుడు ఇంట్లో ఉచ్చ పోయడం మొదలుపెట్టాడు. అదీ మామూలుగా కాదు. గోడకి వీపు తిప్పి నిలబడి, తోక నిటారుగా లేపి, చివర సన్నగా వణికిస్తూ, పిచికారీ కొట్టినట్టు కొట్టేవాడు. కర్టెన్ అయింది, చెప్పుల స్టాండు అయింది, ఫ్రిజ్ పక్క గోడ అయింది.

"చూశావా నీ అల్లుడి నిర్వాకం!" అన్నాడు ఆయన, సంతోషాన్ని కోపంలా కనబడేట్టు చేసి.

"పాపం, వాడికి మనసు బాగోలేదండీ. వీధిలో ఏదో గండుపిల్లి అరుస్తోంది. ఇల్లు లాక్కుంటుందేమోనని భయం."

"నాకూ మనసు బాగోలేదు. నేనేమైనా గోడల మీద పోస్తున్నానా?"

"మీకేం రోగం?" అంది ఆవిడ, వెనిగర్ సీసా అందుకుంటూ.

కడిగీ కడిగీ చివరికి ఆవిడకీ ఓపిక నశించి, ఒకనాడు నోరు జారింది. "నా పచ్చ కుర్చీ మీద గానీ పోశాడంటే, ఆ రోజే మా చెల్లెలింటికి పంపించేస్తా. ఒట్టు!"

పచ్చ కుర్చీ ఆషామాషీది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయన తన చేత్తో చెక్క కోసి, దూది కూరి, ఆకుపచ్చ గుడ్డ బిగించి ఆవిడకి ఇచ్చినది. ఇంటికి ఎంతటివాళ్ళు వచ్చినా అందులో కూర్చోనిచ్చేది కాదు. ఇప్పుడు పగలంతా అందులో పడుకునేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆయన కడుపుమంట సగం అక్కడే. మిగతా సగం, ఆ కుర్చీ మీద వాడు చుక్క కూడా పోయకపోవడం. తాను పడుకునే చోటు పాడుచేసుకోవడానికి వాడేమన్నా మనిషా?

వాడు చెయ్యని పని వాడి పేరు మీద మనమే చేసేస్తే సరిపోతుంది కదా అని ఆయనకి తట్టింది. అందుకు కావలసిన సరుకూ కాళ్ళ దగ్గరకే వచ్చింది. లెక్కల మాస్టారి సోఫా అసలు ఆయన దగ్గరకు రావడానికి కారణం వాళ్ళింటి గండుపిల్లి. సోఫా అంతా అదే పనిగా తడిపితే, మాస్టారు తట్టుకోలేక పంపారు. విప్పేసిన పాత గుడ్డ, ఇంటి పక్కనే ఉన్న షెడ్డులో సంచీలో మూతి బిగించుకుని ఉంది. ఏ పిల్లిదైతేనేం, కంపు కంపే కదా అనుకున్నాడు ఆయన. కొంప ముంచింది ఆ ఆలోచనే.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినబడగానే అరచేతి వెడల్పు ముక్క కత్తిరించి, తడిపి తెచ్చాడు. ఎంత పాపిష్టి పనైనా పనివాడు పనితనం వదలడు. సీటు మీద రుద్దితే కంపు దూదిలోకి దిగుతుంది, ఇక కుర్చీ జన్మలో బాగుపడదు. అది ఆయనకీ ప్రాణమే. అందుకని కుర్చీ వీపు వెనక వైపు, తేలిగ్గా మార్చుకోగల గుడ్డ మీద, వంగనక్కర్లేకుండా చెయ్యి అందినంత ఎత్తులో, గుండ్రంగా, నీటుగా రుద్దాడు. ముక్కని ప్యాంటు జేబులో కుక్కుకుని, తేలు కుట్టిన దొంగలా పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన ఆవిడ గది మధ్యలో ఆగిపోయింది. ముక్కు ఎటు లాగితే అటు నడిచి కుర్చీ వెనక్కి చేరింది. తాకి చూసుకుంది. ఏ తిట్లో వినబడతాయని ఆయన చెవులు రిక్కించాడు. ఆవిడ తిట్టలేదు. కింద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకే. ఒట్టు వేశాక తప్పుతుందా?" అన్నాడు మెల్లగా.

"తప్పనండీ. చెల్లెల్ని బుట్ట తీసుకుని రమ్మంటాను. కానీ పంపే ముందు పశువుల డాక్టరుని పిలిపించి చూపిద్దాం. ఏ జబ్బువల్లో పోస్తుంటే, జబ్బుపిల్లిని తరిమేసిన పాపం నాకెందుకు?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. పేపరు వెనక ఆయన పరిస్థితీ అదే. డాక్టరు వచ్చి ఏం కనిపెడతాడులే అని ధైర్యం చెప్పుకున్నాడు.

అంతలో వంటింట్లో అల్పాహారం ముగించుకుని అల్లుడుగారు సింహాసనం వైపు వేంచేశారు. కుర్చీ దగ్గరకు రాగానే మీసాలు ముందుకొచ్చాయి. ముందుకాళ్ళు ఎత్తి కుర్చీ వీపుకి ఆనించి, వెనక వైపు వాసన చూసి, నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. చావుకబురు విన్న మనిషిలా ఉంది ఆ మొహం. ఇన్నాళ్ళూ వీధిలో అరుస్తూ బెదిరిస్తున్న ఆ పరాయివాడు ఇంట్లోకి వచ్చేశాడు! వచ్చి, తన కుర్చీకే సున్నం కొట్టి పోయాడు! వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇంటి కప్పు అదిరేలా ఒక్క అరుపు అరిచాడు.

ఆ తరువాత యుద్ధం మొదలైంది. ముందు కుర్చీ కాళ్ళు, తరువాత మంచం, ఆపైన బీరువా. చివరికి అసలు వాసన ఎక్కడుందో వాడికి తెలిసిపోయింది. నేరుగా ఆయన ముందుకొచ్చి, మర్యాదగా వీపు తిప్పి, తోక లేపాడు.

"ఏయ్! ఏయ్! ఏయ్!"

ఆయన ప్యాంటు మార్చుకొచ్చాడు, ఆవిడ కంట పడుతుందేమోనని జేబులో ముక్క కొత్త ప్యాంటు జేబులోకి మారింది. రెండో ప్యాంటుకీ అదే గతి పట్టింది. బతుకుజీవుడా అని షెడ్డులోకి పరుగెడితే అల్లుడూ వెంటే పరుగెత్తాడు. మాస్టారి సోఫాకి వెయ్యాల్సిన గంధపు రంగు కొత్త గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. ఆయన దాని వెనక్కి దాక్కున్నాడు. అల్లుడు దాని ముందు నిలబడ్డాడు. మాస్టారు ఏ సోఫానైతే పిల్లి బాధ పడలేక పంపారో, దానికి మళ్ళీ అదే బాధ వచ్చిపడింది.

"ఎక్కడికెళ్తే అక్కడికి వాడు మీ వెనకే వస్తున్నాడేంటండీ?" అంది ఆవిడ, గుమ్మంలోంచి.

"ప్రేమ," అన్నాడు ఆయన, ప్యాంటు పిండుకుంటూ.

మరదలు రానే వచ్చింది. బుట్టలో మెత్తగా తన శాలువా పరుచుకుని మరీ తెచ్చింది. "ఏరీ బావగారూ, మీ అల్లుడుగారు?" అంటూ బుట్ట కింద పెట్టింది. అల్లుడు బుట్టనొకసారి చూసి, చుట్టూ తిరిగి, శాలువా మీద సంతకం పెట్టాడు.

"అక్కా! నామీద నీకు ఇంత కోపం ఉందని నాకు తెలీదే!"

"కోపం కాదే, వాడికి ఒంట్లో బాగోలేదు..."

"బాగయ్యాక కూడా నాకొద్దు. మా ఇంట్లో అన్నీ తెల్ల కర్టెన్లు. కావాలంటే బావగారిని తీసుకెళ్తాను." ఆయన దగ్గరకొచ్చి ముక్కు ఎగబీల్చింది. "వద్దులే. ఈయనా అదే వాసన." ఖాళీ బుట్ట అక్కడే వదిలేసి, శాలువా సంగతి తలుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు పిల్లి పోలేదు, కంపు మాత్రం ఇల్లంతా పాకింది. ఈలోగా డాక్టరు వచ్చాడు. మాట తక్కువ మనిషి. వచ్చీ రాగానే మోకాళ్ళ మీద కూర్చుని గోడలు, మంచం కోళ్ళు, కుర్చీ కాళ్ళు చూసుకుంటూ పోయాడు. కుర్చీ వీపు దగ్గర మాత్రం నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"మిగతావన్నీ నా మోకాలి కిందే ఉన్నాయమ్మా. గండుపిల్లి అంతకంటే పైకి కొట్టలేదు. ఇది మోచేతి ఎత్తులో ఉంది."

"అంటే ఏంటండీ?"

"అంటే, మీ పిల్లి స్టూలెక్కి పోసుండాలి. పోసి, గుండ్రంగా చేత్తో రుద్దుండాలి." కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంట్లోకి వేరే గండుపిల్లి వాసన ఎవరో తెచ్చారు. దానికే వీడికి పిచ్చెత్తింది."

అల్లుడు అప్పటికే ఆయన జేబుకి ముక్కు ఆనించి గుర్రుమంటున్నాడు. ఆవిడ వెళ్ళి ఆ జేబులో చెయ్యి పెట్టింది. ముక్క బయటికొచ్చింది. షెడ్డులోని సంచీ ఆవిడకి తెలియనిదేం కాదు.

"ఎందుకు చేశారు?" అని మాత్రం అంది.

ఆయనకి అబద్ధం తట్టలేదు. "ఎందుకా? పొద్దున్న లేచి ముందు ఎవరి మొహం చూస్తావు? వాడిది. వాడు తుమ్మితే డాక్టరొస్తాడు. నేను వారం దగ్గినా 'అటు తిరిగి దగ్గండి, వాడు పడుకున్నాడు' అన్నావు. ఆ కుర్చీ నేను నీకు చేసిచ్చాను, వాడికి కాదు. నాకు వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోతోంది. పిల్లిని చూసి కుళ్ళుకుంటున్నాను, చాలా?"

డాక్టరు గోడకున్న క్యాలెండరు వైపు శ్రద్ధగా చూశాడు. ఆవిడ మొహంలో కోపానికీ నవ్వుకీ పెనుగులాట జరిగి, ఏదీ గెలవలేదు.

"నన్ను అడిగితే నడిమి ముక్క మీకే వేసేదాన్నిగా," అంది చివరికి.

వాడికి ఆపరేషన్ చేస్తే ఈ పోసే అలవాటు తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. ఇల్లంతా కడిగి వాసన పోయేదాకా వాణ్ణి విడిగా షెడ్డులో ఉంచమన్నాడు. ఆవిడ తీర్పు చెప్పింది: ఇల్లు కడగడమూ ఆయనే, షెడ్డులో అల్లుడి సేవా ఆయనే. ఆయన కుక్కిన పేనులా ఒప్పుకున్నాడు. మాస్టారి సోఫాకి మరో గుడ్డ తెచ్చి వేశాడు. కుర్చీ వెనక గుడ్డ విప్పి కొత్తది బిగించాడు. "పాతది ఇలా ఇవ్వండి, నేను పారేస్తాను," అని ఆవిడ తీసుకుంది.

ఆపరేషన్ అయి వచ్చిన అల్లుడు నీరసంగా షెడ్డులో దూది కుప్ప మీద పడుకున్నాడు. మొదటి రోజు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. రెండో రోజు వాడు వచ్చి కుట్టుమిషను దగ్గర ఆయన పాదం మీద తల పెట్టుకున్నాడు. మిషను తొక్కితే వాడు లేవాలి. ఆయన తొక్కడం మానేశాడు. అలా ఖాళీగా కూర్చోవడం కంటే మాట్లాడితే నయమని, సోఫాల సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన వృత్తి కష్టసుఖాలు అంత ఓపికగా విన్న ప్రాణి ఈ లోకంలో మరొకటి లేదు. వారం తిరిగేసరికి మిగిలిన వెల్వెట్ గుడ్డతో షెడ్డులోని సామాన్ల బీరువా పక్కన వాడికి బుల్లి పరుపు వెలిసింది. ఆవిడ పశ్చాత్తాపంతో ఆయనకి వడ్డిస్తున్న నడిమి ముక్క, జేబు రుమాలులో షెడ్డుకి చేరుతోంది.

ఒకరోజు టీ తెచ్చిన ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. "ఏరా నాన్నా, స్ప్రింగు ఇలా కట్టాలి, చూశావా?" అంటున్నాడు ఆయన. అల్లుడు ఆవిడ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆవిడ గుండెలో ఏదో కలుక్కుమంది.

"ఇల్లు కడగడం అయిపోయిందిగా. ఇంక వాణ్ణి లోపలికి తీసుకుపోతాను."

"ఇక్కడ అలవాటు పడ్డాడే. కదిలిస్తే మనసు పాడవుతుంది."

"నా పిల్లండీ వాడు!"

"ఎవరు కాదన్నారు? వచ్చి చూసిపోతూ ఉండు."

ఆవిడ టీ గ్లాసు టక్కున పెట్టింది. "ఇక్కడా పోస్తే?"

"ఆపరేషన్ అయ్యాక ఇంకెక్కడ పోస్తాడే? పోస్తే ఆ రోజే నీకు అప్పజెప్పేస్తా. ఒట్టు!"

నాలుగు రోజులు గడిచాయి. ఒక ఉదయం ఆయన షెడ్డు తలుపు తీయగానే పాత కంపు గుప్పుమంది. బుల్లి పరుపు పక్కనున్న బీరువా తలుపు తడిగా ఉంది. అల్లుడు మూల నక్కి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటున్నాడు. ఆయన ఇంకా లోపలికి అడుగు పెట్టనైనా లేదు, ఆవిడ చెల్లెలి బుట్ట చంకనెత్తుకుని వెనకే ప్రత్యక్షమైంది.

"అయ్యో, పోశాడా? ఒట్టు వేశారుగా మరి," అంది, వాసన చూడకుండానే.

ఆయన ఒక్క నిమిషం ఆగమని, ఆశ చావక డాక్టరుకి ఫోన్ చేశాడు.

"డాక్టరుగారూ, మళ్ళీ పోశాడండీ! బీరువా తలుపు మీద!"

"ఎంత ఎత్తులో?"

ఆయన తలుపు దగ్గరకెళ్ళి చూశాడు. "మోచేతి ఎత్తులో..."



"ఎవరి మోచెయ్యి?" అని అడిగాడు అవతల డాక్టరు.