వరుస తప్పినవారు

ఆ సోమవారం ఉదయం కామా మాస్టారి కార్యక్రమం చాలా స్పష్టంగా ఉంది. ఎనిమిదిన్నరకు కళాశాల చేరడం, తొమ్మిదికి నోటీసు టైపు చేయించడం, తొమ్మిదిన్నరకు దానిని బోర్డుకు అతికించడం, పన్నెండుకు దోషుల జాబితా ప్రకటించడం, పన్నెండున్నరకు మేనకోడలి కాబోయే అత్తగారితో కలిసి భోజనం చేయడం. మొదటి నాలుగూ సమాజసేవ. అయిదవది ఇంటిసేవ. దాని సంగతి ఆయన అక్కగారు ముందురోజే ఫోనులో తేల్చి చెప్పారు.

"ఒరేయ్, రేపు ఆవిడ మాట ఇచ్చి మరీ వెళ్లాలి. పిల్ల పెళ్లి నీ చేతుల్లో పెడుతున్నాను. నువ్వు మాట్లాడకుండా ఉంటే చాలు, మిగతాది అదే అవుతుంది."

ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారిని, విద్యార్థులలోనూ సిబ్బందిలోనూ పౌర విలువలు పెంపొందించే పనికి కళాశాలవారు తిరిగి పిలిపించారు. జవాబు పత్రాలలోనే గాక చేతికి వచ్చిన శుభలేఖలలో సైతం కామాలు దిద్దే అలవాటు వలన ఆయనకు ఆ పేరు స్థిరపడింది. మేనకోడలు అదే కళాశాలలో లైబ్రేరియను. పెళ్లికొడుకు అక్కడే కెమిస్ట్రీ లెక్చరరు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు తలలూపారు. అంతలో ఇరువైపులవారికీ దూరపు చుట్టరికమొకటి బయటపడి, పిల్ల ఆ అబ్బాయికి చెల్లెలి వరుస అవుతుందేమోనన్న అనుమానం పుట్టింది. అబ్బాయి పెద్దమ్మ నెల రోజులపాటు తాతముత్తాతలను తవ్వి పోసి, ఎవరు ఎవరికి ఏమవుతారో లెక్క తేల్చి, చివరికి "పరవాలేదు, మేనరికపు వరసే" అని మూలుగుతూ ఒప్పుకున్నది. ఆ గండం గడిచి వారమే అయింది. ఇక అబ్బాయి తల్లి వచ్చి, పిల్ల పనిచేసే చోటు చూసి, నోటితో ఒక్క మాట అనడమే తరువాయి.

అయితే మాస్టారి మనసు ఆ ఉదయం పెళ్లి మీద లేదు, జిరాక్సు కిటికీ మీద ఉంది. అన్ని వందల మందికి ఒక్క కిటికీ ఉండడం యాజమాన్యం తప్పు, కాదనరు. కానీ ఆ ఒక్క కిటికీలో ఒకేసారి పద్నాలుగు చేతులు ఉండడం ఎవరి తప్పు? పౌరుని విధులపై వ్యాసం రాసి మొదటి బహుమతి గెలుచుకున్న విద్యార్థి, ఆ వ్యాసానికి నకలు తీయించుకోవడానికి ముందున్న ముగ్గురిని మోచేత్తో పక్కకు నెట్టడం ఆయన కళ్లారా చూశారు. నెట్టబడిన ముగ్గురిలో ఒకరు లెక్కల లెక్చరరు. అతనికీ కోపం రాలేదు. తరువాతి నిమిషంలో అతను మరొకరిని నెట్టాడు. ఆ రాత్రి మాస్టారికి అన్నం సహించలేదు.

టైపిస్టు నోటీసు సగం కొట్టి ఆగాడు. "సార్, ఇక్కడ 'క్యూ' అని పెడితే అందరికీ తెలుస్తుంది కదా."

"తెలుగులో రాస్తున్నాం. తెలుగే ఉండాలి. క్యూ ఇంగ్లీషు మాట. ఆ ఇంగ్లీషువాడికి కూడా అది సొంతం కాదు, పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకున్నాడు. అరువు సొమ్ముని మళ్లీ మనం అరువు తెచ్చుకోవాలా?"

"అది కాదు సార్, వరస అంటే..."

"వరస కాదు, వరుస. 'ర'కి కొమ్ము పెట్టు."

టైపిస్టు కొమ్ము పెట్టాడు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో అతను నేర్చుకున్న నీతి ఒక్కటే. పెద్దవాళ్లు ఆపినచోట ఆగితే, తరువాత వచ్చే అక్షింతలు మనకు పడవు.

నోటీసు ఇలా వెలువడింది: "ఈ కళాశాలలో వరుస తప్పువారి సంఖ్య నానాటికీ పెరుగుచున్నది. విద్యార్థులే గాక, సిబ్బంది సైతం సిగ్గు విడిచి, పట్టపగలు, నలుగురూ చూచుచుండగా ఈ పనికి ఒడిగట్టుచున్నారు. ఇకపై ఉపేక్షించునది లేదు. నేడు పట్టుబడినవారి జాబితా మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇచ్చటనే ప్రకటింపబడును." కింద మాస్టారి సంతకం. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

దానిని అతికించి, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, విధి నిర్వహణలో ఫోను మోగరాదన్న తన నియమాన్ని తానే పాటిస్తూ ఫోను కట్టేసి, ఆయన జిరాక్సు కిటికీ ఎదుట కుర్చీ వేయించుకున్నారు.

పది గంటలకల్లా నోటీసు ఫొటోగా మారి ఊరంతా తిరిగింది. "మన కాలేజీలోనా?" అని ఒకరు, "పట్టపగలంట" అని ఒకరు, "స్టాఫ్ కూడానా, ఎవరై ఉంటారు?" అని పదిమంది. స్టాఫ్ రూములో అంతవరకు ఒకరినొకరు అన్నయ్యా, అక్కా, బావగారూ అని నోరారా పిలుచుకునేవారు ఉన్నట్టుండి సార్, మేడమ్ అనుకోసాగారు. చదువుకున్నవారు, నోటీసు పెట్టిన మనిషి ఇరవై అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉండగా, ఒక్కరూ వెళ్లి "అంటే ఏమిటండీ" అని అడగలేదు. అడిగితే అర్థమైపోతుంది. అర్థమైతే చెప్పుకోవడానికేమీ మిగలదు.

వచ్చినది ఎకనామిక్స్ మేడమ్ ఒక్కరే. ఆవిడ భర్త అదే కళాశాలలో హిస్టరీ లెక్చరరు. ఆవిడ కుర్చీ పక్కకు వచ్చి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, ఆ జాబితాలో మా పేర్లు కూడా పెడతారా?"

"మీరు చేశారా?"

"చేశాం. కానీ అది ఇరవై రెండేళ్ల నాటి మాటండీ. అప్పట్లో మా ఇళ్లల్లో గొడవ గొడవైంది. ఇప్పుడు అందరూ మర్చిపోయారు."

మాస్టారు చలించిపోయారు. తప్పు ఒప్పుకునే మనిషి ఆ కళాశాలలో ఇన్నాళ్లకు కనిపించింది. "ఒప్పుకున్నారు, సంతోషం. జరిగిందేదో జరిగింది. ఇకనైనా మానేయండి."

"మానేయడమేమిటండీ? ఇద్దరు పిల్లలు."

"పిల్లలకీ అదే నేర్పారా?"

ఆవిడ ముఖం కందగడ్డ అయింది. "పెద్దవాళ్లు కదా అని ఊరుకుంటున్నాను" అని విసురుగా వెళ్లిపోయారు. ఈ కాలం మనుషులలో పశ్చాత్తాపం రెండు నిమిషాలకు మించి నిలవదని మాస్టారు నొచ్చుకున్నారు.

పావు తక్కువ పదకొండుకు అసలు పరీక్ష వచ్చింది. కిటికీ ముందు, మాస్టారి చూపుకు జడిసి, ఇరవై మంది బుద్ధిగా ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నారు. పక్కదారి నుంచి కెమిస్ట్రీ లెక్చరరు వచ్చాడు, వెంట లైబ్రేరియను. అతను ల్యాబు కాగితాలు, ఆమె పుస్తకాల పట్టీ, ఇద్దరూ ఒకేసారి పక్కనుంచి కిటికీలోకి చేతులు దూర్చారు.

"ఆగండి" అన్నారు మాస్టారు.

"మావయ్యగారూ, పదకొండుకి ప్రాక్టికల్స్. అమ్మ కూడా బయలుదేరింది. ఒక్క నిమిషం."

"ఇక్కడ నేనెవరికీ మావయ్యని కాను. వెనక ఇరవై మంది ఉన్నారు. వాళ్ల నిమిషాలు నిమిషాలు కావా?"

మేనకోడలు నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్లకు పలక మీద అక్షరాలు దిద్దించినది ఆయనే. కానీ తన పిల్లను వదిలేసి ఊరి పిల్లలను పట్టుకునే న్యాయం ఇప్పటికే లోకంలో కావలసినంత ఉందనుకుని, రాసుకున్నారు.

పన్నెండు కొట్టేసరికి బోర్డు ముందు రెండు వందల మంది. మాస్టారు జాబితా అతికించారు. మర్యాద కోసం పేర్లు రాయక హోదాలు మాత్రం రాశారు. ఖచ్చితత్వం కోసం వివరాలు చేర్చారు.

"ఒకటి, లైబ్రేరియను. రెండు, కెమిస్ట్రీ లెక్చరరు. (ఇద్దరూ కలిసి.) మూడు, మూడవ సంవత్సరం విద్యార్థి. (ఒంటరిగా.)" అలా తొమ్మిదో నంబరు దాకా.

మొదటి రెండూ చదివి జనం నోళ్లు తెరిచారు. మూడవది చదివి, ఒంటరిగా ఎలా సాధ్యమో అంతుబట్టక, తెరిచిన నోళ్లు అలాగే ఉంచారు. సరిగ్గా అప్పుడే అబ్బాయి తల్లి అక్కడికి వచ్చారు. చేతిలో ఫోను. అందులో జాబితా ఫొటో. ఆవిడ గేటు దగ్గర బండి దిగేలోపే అది పెద్దమ్మకు చేరింది, పెద్దమ్మ నుంచి ఆవిడకు చేరింది.

"అన్నయ్యగారూ, ఈ రాసింది మీరేనా?"

"నేనేనమ్మా. రండి, భోజనానికి వేళైంది."

"భోజనం తర్వాత. మా అబ్బాయీ మీ అమ్మాయీ వరస తప్పారా?"

"తప్పారు."

"మీకు ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి, నా కళ్లతో చూశాను. జిరాక్సు కిటికీ దగ్గర. ఇరవై మంది సాక్షులున్నారు."

ఆవిడ గోడ పట్టుకున్నారు. "తెలిసి తెలిసి, మీరు మేనమామ అయ్యుండి, ముందే మాకొక్క ముక్క చెప్పకూడదా?"

"నాకు తెలిసిందే పొద్దున కదమ్మా. అయినా ఇది మీ అబ్బాయి ఒక్కడి తప్పు కాదు. ఈ కాలేజీలో సగం మంది అంతే. మన ఇళ్లల్లోనే క్రమశిక్షణ లేదు."

"మీ ఇంటి సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో అలాంటివి లేవు."

"అనుకుంటాం. మీరు బస్సు ఎక్కేటప్పుడు మీవాళ్లని ఒకసారి గమనించండి."

ఈలోగా జనాన్ని తోసుకుంటూ మేనకోడలు వచ్చింది.

"మావయ్యా, వరస అంటే ఏమిటో ఆవిడకి చెప్పండి."

"వరుస అంటే వరుసే. ఆవిడకి తెలుగు రాదా?"

"వచ్చు. అదే వచ్చిన చిక్కు. అత్తయ్యగారూ, మావయ్య రాసింది క్యూ గురించి. మేం క్యూలో నిలబడకుండా చెయ్యి పెట్టాం. అంతే."

ఆవిడ ఫోను దించారు. జనం మెల్లగా నోళ్లు మూశారు, కొందరు నిరాశతో. మాస్టారి ముఖంలో రంగులు నాలుగు మారాయి. ఆయన కోపం తన మీదికి మాత్రం రాలేదు.

"ఒక మాటకి రెండర్థాలుంటే, రెండు వందల మందిలో ఒక్కడికీ మంచి అర్థం తట్టలేదా? వాళ్ల బుద్ధి అటే పోయిందంటే ఆ తప్పు నాదా, నిఘంటువుదా?"

"తప్పెవరిదైనా తంటా నాది" అన్నారు ఆవిడ. "మా అక్క ఈపాటికి పద్దెనిమిది ఇళ్లకి ఫోన్ చేసింది. ఇంటింటికీ తిరిగి జిరాక్సూ, క్యూ అని నేను చెప్పుకోలేను. తప్పారని మీరు రాశారు. తప్పలేదని కూడా మీరే రాయండి. అదే బోర్డు, అదే మాట, అదే సంతకం. రాస్తే ఇక్కడే మాట ఇస్తాను. లేకపోతే ఇప్పుడే బండెక్కుతాను."

"కానీ తప్పారు కదమ్మా."

"మళ్లీ అదే మాట."

"పోనీ, 'చుట్టరికపు వరుస తప్పలేదు, నిలబడు వరుస మాత్రమే తప్పిరి' అని రాస్తాను. అది సత్యం."

"మా అక్క ఏదీ చివరిదాకా చదవదు. 'తప్పిరి' దగ్గర ఫోనెత్తుతుంది."

మాస్టారు మేనకోడలి వైపు చూశారు. బతిమాలుతుందనుకున్నారు. బతిమాలితే కసరవచ్చు.

"మీ ఇష్టం మావయ్యా" అన్నదామె. "అబద్ధం రాయమని నేనడగను. నేను చెయ్యి పెట్టిన మాట నిజమే. వెనకవాళ్లకి సారీ కూడా చెప్పి వచ్చాను." పక్కన కెమిస్ట్రీ లెక్చరరు తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ముప్పై నాలుగేళ్లలో తప్పు జవాబుకు అర మార్కు కలపని మనిషి ఆయన. బల్ల మీదికి వంగి, వరుస తప్పిన ఇద్దరి గురించి తన చేతితోనే ఇలా రాశారు: "లైబ్రేరియను, కెమిస్ట్రీ లెక్చరరు, వీరిరువురూ ఎన్నడును వరుస తప్పలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సంతకం పెట్టేటప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. అబ్బాయి తల్లి దానిని ఫొటో తీసి తన అక్కకు పంపి, పిల్ల చెయ్యి పట్టుకుని, "మాట ఇచ్చాను" అన్నారు.

మాస్టారు గదిలోకి వెళ్లి కుర్చీలో కూలబడ్డారు. వెనుకనే మూడవ సంవత్సరం విద్యార్థి వచ్చాడు.

"సార్, నాకూ అలాంటిది ఒకటి రాసివ్వండి. మా నాన్న ఎవరితో, ఎవరితో అని చంపుతున్నాడు. ఎవరితోనూ కాదంటే నమ్మట్లేదు."

"నువ్వు నిజంగానే వరుస తప్పావు. నేను చూశాను."

"వాళ్లూ తప్పారు కదా సార్. మీరు చూశారు కదా."

మాస్టారు కలం తీశారు. అతని తరువాత నాలుగవ నంబరు వచ్చాడు, అయిదవ నంబరు వచ్చింది. ఎకనామిక్స్ మేడమ్ ఇరవై రెండేళ్ల వెనుకటి తేదీతో కావాలన్నారు. జాబితాలో లేనివారు సైతం, ఎందుకైనా మంచిది, ఇంట్లో చూపించుకోవచ్చునని బయలుదేరారు.

రెండు గంటలకల్లా, తాము వరుస తప్పలేదన్న ధ్రువపత్రం కోసం, అరవై మంది ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ ఆ గది గుమ్మంలో ఇరుక్కుపోయారు.